నర్సుల లెక్క, నర్సుల కొరత: తిరుపతి, చిత్తూరు నర్సులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

కొన్నేళ్లు వార్డుల్లో, తర్వాత క్లాసురూముల్లో పనిచేశాను. తిరుపతిలోనో చిత్తూరులోనో ఎక్కడ నలుగురు నర్సులు కూర్చున్నా ఇవే సందేహాలు వస్తున్నాయి. ఫోన్లో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది. అందుకే రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి, వరుస పాటించక్కర్లేదు.

## మొదలుపెట్టే ముందు

ఏటా ఇంతమంది నర్సింగ్ చదివి బయటికొస్తున్నారు కదా, ఇంకా కొరత ఏంటి మేడమ్?

చెరువులోకి వంక బాగానే పారుతోంది, కాదనను. తూము ఎంత తెరిచి ఉందో, కట్టకి గండి ఎక్కడ పడిందో ఎవరూ చూడటం లేదు. పాసైన వాళ్లంతా ఉద్యోగంలో చేరరు. చేరిన వాళ్లంతా నిలవరు. పెళ్లి, పిల్లలు, చాలీచాలని జీతం, నైట్ డ్యూటీలు, విదేశాలు, వేరే ఉద్యోగాలు, ఇలా ఎన్నో దారుల్లో మనిషి వార్డు నుంచి జారిపోతుంది. ఉన్నవాళ్లు కూడా అన్నిచోట్లా సమానంగా లేరు. తిరుపతి టౌన్లో ఒక పోస్టుకి పదిమంది పోటీపడే రోజే, మారుమూల మండలంలో పోస్టు ఖాళీగా ఉండొచ్చు.

ఈ బాధ మనొక్కరిదే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2023 నాటికి ప్రపంచంలో సుమారు 2.98 కోట్ల మంది నర్సులు ఉన్నారు. ఇంకా 58 లక్షల మంది తక్కువ. కొత్త కాలేజీలు పెట్టడం ఒక్కటే మందు అనుకుంటే జబ్బు సగమే నయమవుతుంది. 2023లో కేంద్రం మెడికల్ కాలేజీల పక్కనే 157 నర్సింగ్ కాలేజీలకి ఆమోదం ఇచ్చింది. మంచిదే. అక్కడ చదివినవాళ్లు పదేళ్ల తర్వాత ఎక్కడుంటారన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు లెక్కలు తీస్తేనే దొరుకుతుంది.

ఇదంతా గవర్నమెంటు చూసుకోవాల్సింది కదా, వార్డు నర్సుకి ఏం సంబంధం?

పోస్టు మంజూరు చేసేది ప్రభుత్వమే. కానీ ఆ ఫైల్లో పడే అంకె పుట్టేది మీ వార్డు రిజిస్టర్లో. నా అనుభవం ఒకటి చెబుతాను. నేను ఒకప్పుడు పనిచేసిన ఒక ఆసుపత్రిలో నేల మీద పరుపులేసి పడుకోబెట్టిన పేషెంట్లని సెన్సస్‌లో, అంటే వార్డులో ఆరోజు ఎంతమంది ఉన్నారో రాసే లెక్కలో, రాసేవాళ్లం కాదు. "మంచం లేదు కదా, ఎక్కడ రాయాలి?" అనేవాళ్లు. ముప్పై మంచాల వార్డులో నలభై ఐదు మంది ఉన్నా రిజిస్టర్లో ముప్పై మందే. పోస్టులు కావాలని ప్రపోజల్ పెడితే పైనుంచి వచ్చిన జవాబు: ఉన్న మంచాలకి ఉన్న స్టాఫ్ సరిపోతారు. తప్పు వాళ్లది అందామంటే నోరు రాలేదు. అంకె ఇచ్చింది మేమే.

నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టర్ ఉంది కదా. అది చూస్తే ఎంతమంది ఉన్నారో తెలిసిపోదా?

ఎంతమంది రిజిస్టర్ అయ్యారో తెలుస్తుంది, ఎంతమంది పనిచేస్తున్నారో తెలియదు. ఒక్కసారి పేరు ఎక్కితే మనిషి జర్మనీ వెళ్లినా, ఇంట్లో ఉన్నా, చివరికి చనిపోయినా పాత పుస్తకంలో పేరు అలాగే ఉండిపోతుంది. ఈ చిక్కు తీర్చడానికే భారత నర్సింగ్ కౌన్సిల్ నర్సుల నమోదు, ట్రాకింగ్ వ్యవస్థ ఒకటి పెట్టి ఒక్కొక్కరికీ జాతీయ గుర్తింపు నంబరు ఇస్తోంది. మీరు నంబరు తీసుకోకపోతే, ఆసుపత్రి మారినప్పుడు వివరాలు మార్చుకోకపోతే ఆ లెక్కలో కూడా తప్పు దొర్లుతుంది. ఇది ఇవాళే చేయగలిగిన పని.

1947 చట్టం పోయి కొత్త కమిషన్ వస్తుందంటున్నారు. లెక్కల విషయంలో ఏం మారుతుంది?

2023 ఆగస్టులో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలో ఇది వస్తుంది. జాతీయ స్థాయిలో ఒక కమిషన్, రాష్ట్రాల్లో కమిషన్లు, వాటితో పాటు ఆన్‌లైన్ రిజిస్టర్లు ఉంటాయని అందులో రాశారు. రిజిస్టర్ బతికున్న పుస్తకంలా మారితే ప్లానింగ్ చేసేవాళ్లకి పెద్ద ఊరట. చట్టంలో ఉన్నది వార్డుకి చేరేదాకా మీ లెక్క మీరు రాసుకోవడం ఆపొద్దు.

ఎంఎల్‌హెచ్‌పీలుగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లుగా) వెళ్లినవాళ్లు కూడా నర్సుల లెక్కలోకి వస్తారా?

వస్తారు. ఊళ్లలో హెల్త్ క్లినిక్ నడిపేది ఎక్కువగా బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లే. కానీ వాళ్లని ఆసుపత్రి పడకల లెక్కలో కలపకండి. వేరే కాలమ్ పెట్టండి. వాళ్ల పనిని పడకలతో కొలవలేం. జనాభాతో, ఓపీతో, ఇంటింటికీ తిరిగే పనితో కొలవాలి.

## లెక్కలు తీసేటప్పుడు

ఎన్ని మంచాలకి ఎంతమంది నర్సులుండాలో చెప్పే కౌన్సిల్ నార్మ్ 1:3 అంటారు. అంటే ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు డ్యూటీలో ఉండాలనేగా?

కాదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. టీచింగ్ హాస్పిటల్ జనరల్ వార్డులో 1:3 అంటే మూడు షిఫ్టులకీ కలిపి మూడు మంచాలకి ఒక నర్సు. షిఫ్టు లెక్కన చూస్తే తొమ్మిది మంచాలకి ఒకరు. మామూలు ఆసుపత్రికి 1:5, అంటే షిఫ్టుకి పదిహేను మంచాలకి ఒకరు. దీనిపైన సెలవుల కోసం 30 శాతం అదనం.

30 మంచాల వార్డు తీసుకోండి. టీచింగ్ హాస్పిటల్ అయితే 30ని 3తో భాగిస్తే 10 మంది. 30 శాతం కలిపితే 13. వీళ్లని మూడు షిఫ్టులకి పంచి, వీక్లీ ఆఫ్‌లు, సెలవులు తీసేస్తే వార్డులో ఒక షిఫ్టుకి ముగ్గురు మిగులుతారు. రాత్రి అంతకంటే తక్కువే వేస్తారు. మీటింగుల్లో "1:3 అమలు చేయండి" అని గట్టిగా అడిగేవాళ్లు, అది అమలైనా నైట్ డ్యూటీలో ఒక్కో నర్సుకి పదిమందికి పైగా పేషెంట్లు ఉంటారని తెలుసుకుని అడగాలి. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, లేబర్ రూమ్, క్యాజువాలిటీలకి నార్మ్‌లు వేరు. వాటిని జనరల్ వార్డుతో కలిపి సగటు తీయొద్దు.

డబ్ల్యూఐఎస్ఎన్ అని ట్రైనింగులో చెప్పారు, అర్థం కాలేదు. మా వార్డుకి వేసి చూపిస్తారా?

మంచాలు ఎన్ని అని కాకుండా పని ఎంత అని అడిగే పద్ధతి ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థది. సాఫ్ట్‌వేర్ ఉంది గానీ మొదటిసారి కాగితం మీద చేయండి, అప్పుడే తలకెక్కుతుంది. కింద వేసినవి ఉదాహరణ అంకెలు. మీ అంకెలు మీరు పెట్టుకోండి.

ముందు ఒక నర్సు ఏడాదిలో నిజంగా ఎన్ని గంటలు దొరుకుతుందో చూడాలి. 365 రోజుల్లో వీక్లీ ఆఫ్‌లు 52 పోతే 313. పండగ సెలవులు 15, సీఎల్ 15, ఈఎల్ 30, జబ్బు, ట్రైనింగ్‌ల కింద 10 తీసేస్తే 243 రోజులు. రోజుకి 8 గంటల సగటు అనుకుంటే 1944 గంటలు. మీ దగ్గర ఆరు, ఆరు, పన్నెండు గంటల షిఫ్టులైతే మీ సగటు వేరుగా వస్తుంది, అదే వాడండి.

తర్వాత పని. 30 మంచాల వార్డులో రోజూ సగటున 27 మంది ఉంటే ఏడాదికి 9855 పేషెంట్ రోజులు. ఒక్కో పేషెంటుకి రోజుకి మూడు గంటల నర్సింగ్ పని ఉందనుకుందాం: మందులు, ఇంజెక్షన్లు, వైటల్స్, డ్రెస్సింగ్, రాతపని. మొత్తం 29,565 గంటలు. దీన్ని 1944తో భాగిస్తే 15.2 మంది.

ఇంకా అయిపోలేదు. హ్యాండోవర్, మీటింగ్, స్టోర్ ఇండెంట్ లాంటివి ఏ ఒక్క పేషెంటు ఖాతాలోనూ పడవు. వాటికి పని సమయంలో 20 శాతం పోతుందనుకుంటే పేషెంట్లకి మిగిలేది 80 శాతమే, కాబట్టి 15.2ని 1.25తో (100ని 80తో భాగిస్తే వచ్చేది) హెచ్చించాలి. 19 మంది. వార్డులో ఉన్నది 11 మంది అనుకోండి. 11ని 19తో భాగిస్తే 0.58. ఒకటికి ఎంత తగ్గితే ఒత్తిడి అంత ఎక్కువ. పది వార్డులకి ఇలా వేస్తే ఎవరికి ముందు మనిషిని ఇవ్వాలో వరుస దానంతటదే తేలుతుంది. గొంతు పెద్దదైన ఇంచార్జి సిస్టర్‌కి స్టాఫ్ దొరికే పద్ధతి అప్పుడు పోతుంది.

ఆ మూడు గంటలు ఎక్కడి నుంచి వచ్చాయని అడుగుతారు. అసలు పరిశోధన అదే. గడియారం పట్టుకుని వార్డులో నిలబడి కొలవాలి.

బ్రహ్మోత్సవాలప్పుడు మా రద్దీ వేరు. ఏడాది సగటు మాకు పనికొస్తుందా?

సగం పనికొస్తుంది. పర్మనెంట్ పోస్టులు అడగడానికి ఏడాది సగటు సరిపోతుంది. కానీ తిరుపతిలో బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఎండాకాలం సెలవులు ఎప్పుడొస్తాయో ముందే తెలుసు. ఎప్పుడొస్తుందో తెలిసిన రద్దీకి ఆ రోజు పొద్దున అప్పటికప్పుడు డిప్యుటేషన్ ఆర్డర్లు వేయడం చూస్తే నాకు విడ్డూరంగా ఉంటుంది. కొండెక్కుతూ ఆయాసం వచ్చినవాళ్లు, సుగర్ మాత్రలు ఊళ్లో మరిచిపోయి వచ్చినవాళ్లు, భాష రాని ఉత్తరాది యాత్రికులు, క్యాజువాలిటీలో పని తీరే మారిపోతుంది. మూడేళ్ల క్యాజువాలిటీ రిజిస్టర్లు ముందేసుకుని నెలవారీగా, పండగ వారాలు విడిగా గ్రాఫ్ గీయండి. ఆ వారాలకి ఎంతమంది అదనంగా కావాలో, ఏ వార్డు నుంచి తేవచ్చో రెండు నెలల ముందే కాగితం మీద ఉంటుంది.

కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్లని లెక్కలో వేయాలా?

వేయాలి, విడి కాలమ్‌లో. డిప్యుటేషన్ మీద వేరేచోట పనిచేస్తున్నవాళ్లని జీతం తీసుకునే చోట కాకుండా పనిచేసే చోట లెక్కపెట్టాలి. మెటర్నిటీ లీవులో ఉన్నవాళ్లు పోస్టులో ఉన్నట్టే, వార్డులో లేనట్టే. రెండూ రాయండి.

ప్రైవేటు ఆసుపత్రులు లెక్కలు ఇవ్వవు. వాళ్లని వదిలేయమంటారా?

వదిలేస్తే జిల్లాలో నర్సుల్లో పెద్ద భాగాన్నే వదిలేసినట్టు. వాళ్ల భయం జీతాల గురించి. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశం మీద కేంద్రం వేసిన కమిటీ 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు జీతం రాష్ట్ర ప్రభుత్వ జీతంతో సమానంగా ఉండాలని, 50 పడకల లోపున్న చోట కూడా 20 వేలకి తగ్గకూడదని సిఫారసు చేసింది. ఎంతవరకు అమలైందో మీకు తెలియనిదా! అందుకే మీరు ఫారం పట్టుకుని వెళ్లగానే తనిఖీకి వచ్చారనుకుంటారు.

మొదటిసారి జీతం అడగకండి. నాలుగు విషయాలు చాలు: ఎన్ని పోస్టులు, ఎంతమంది ఉన్నారు, గడిచిన ఏడాది ఎంతమంది చేరారు, ఎంతమంది మానేశారు. ఆసుపత్రి పేరు రిపోర్టులో రాదని కాగితం మీద రాసివ్వండి. నిలబెట్టుకోండి కూడా. జిల్లా మొత్తం మీద మానేసేవాళ్ల శాతం ఎంతో, తమ ఆసుపత్రిది ఎంతో పోల్చుకునేలా ఒక పేజీ తిరిగి ఇస్తామంటే మేనేజ్‌మెంట్ మెత్తబడుతుంది. మనిషి మానేస్తే కొత్త మనిషికి పని నేర్పే ఖర్చు వాళ్లకీ తెలుసు.

## పరిశోధన చేసేటప్పుడు

ఎమ్మెస్సీ థీసిస్‌కి టాపిక్ చెప్పండి మేడమ్. సీనియర్లంతా ఏదో ఒక టీచింగ్ ప్రోగ్రామ్ పెట్టి నాలెడ్జ్ పెరిగిందా అని చూశారు.

దయచేసి అది మాత్రం వద్దు. అరవై మందికి పాఠం చెప్పి, ముందు, తర్వాత పరీక్ష పెట్టి, మార్కులు పెరిగాయని తేల్చే థీసిస్‌లు లైబ్రరీల్లో బీరువాల నిండా ఉన్నాయి. పాఠం చెబితే మార్కులు పెరుగుతాయని తెలుసుకోవడానికి రెండేళ్లు అక్కర్లేదు. ఈ మాటకి నా తోటి గైడ్‌లకి నా మీద కోపం రావచ్చు.

మన జిల్లాల్లో జవాబు లేని ప్రశ్నలు కావాలంటే చూడండి. మీ కాలేజీలో పదేళ్ల కిందట పాసైన బ్యాచ్ ఇప్పుడు ఎక్కడుంది? పాత అడ్మిషన్ రిజిస్టర్ తీసుకుని ఒక్కొక్కరినీ వెతకండి. వాట్సాప్ గ్రూపులున్న కాలంలో ఇది కష్టం కాదు. ఎంతమంది నర్సింగ్‌లోనే ఉన్నారు, ఎంతమంది మానేశారు, ఏ ఏడాది మానేశారు, ఏ కారణంతో? మానేసినవాళ్లలో ఎంతమంది మళ్లీ రావడానికి సిద్ధం, ఏం మారితే వస్తారు? ఇంకొకటి: నైట్ డ్యూటీలో ఒక నర్సు మీద ఎంతమంది ఉన్నప్పుడు మందుల టైమ్ తప్పుతోంది? మరొకటి: స్టాఫ్ నర్సు షిఫ్టులో ఎన్ని నిమిషాలు పేషెంటు పక్కన, ఎన్ని నిమిషాలు కంప్యూటర్ ముందు? వీటిలో ఏది చేసినా మీ పేరు పక్కన డిగ్రీతో పాటు ఆసుపత్రి చేతికి ఒక అంకె దొరుకుతుంది.

నర్సులు తక్కువైతే పేషెంట్ల ప్రాణానికే ముప్పని రుజువుందా? ఉన్నా అది అమెరికాదేగా?

రుజువుంది. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో అమెరికా పెన్సిల్వేనియా ఆసుపత్రుల్లో ఆపరేషన్ పేషెంట్ల మీద చేసిన అధ్యయనంలో, నర్సు మీద ఒక్క పేషెంటు అదనంగా పడితే 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం పెరిగినట్టు తేలింది. 2014లో యూరప్ దేశాల్లో చూసినా దాదాపు అదే వచ్చింది. కాలిఫోర్నియా 1999లోనే నర్సుకి ఇంతమంది పేషెంట్లే అన్న నిష్పత్తి మీద చట్టం చేసి 2004 నుంచి అమలు చేసింది.

ఆ 7ని తెచ్చి మన రిపోర్టులో అలాగే అతికించొద్దు. అక్కడ నర్సు మీద నలుగురా ఎనిమిది మందా అన్నది చర్చ. మన దగ్గర అంకెలే వేరు. పైగా మన వార్డులో సగం సేవ పేషెంటుతో వచ్చినవాళ్లే చేస్తారు. తల్లికి స్పాంజ్ బాత్ చేసేది కూతురు, మూత్రం సంచి ఖాళీ చేసేది కొడుకు, సెలైన్ అయిపోతోందని పరిగెత్తుకొచ్చి చెప్పేది పక్క మంచం వాళ్ల బంధువు. అమెరికా లెక్కలో ఈ మనుషులు లేరు. తోడు ఎవరూ లేకుండా వచ్చిన పేషెంటుకి మన దగ్గర ఏమవుతుందో చూసినవాళ్లకి, ఇక్కడ చేయాల్సిన అధ్యయనం ఏమిటో విడిగా చెప్పక్కర్లేదు.

రోస్టర్లు, రిజిస్టర్లే కదా చూసేది. దానికి కూడా ఎథిక్స్ కమిటీ ఎందుకు?

నర్సులని ప్రశ్నలు అడిగినా, పేషెంటు రికార్డు తెరిచినా సంస్థ ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టాల్సిందే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం రిస్కు తక్కువైన వాటికి పూర్తి సమీక్ష నుంచి మినహాయింపు ఉండొచ్చు. కానీ మినహాయింపు ఇవ్వాల్సింది కమిటీ, మీరు కాదు. నర్సుల పేర్లు, ఫోన్ నంబర్లు ఒక ఫైల్లో, జవాబులు మరో ఫైల్లో పెట్టండి. "మా ఇంచార్జి చదువుతుందేమో" అన్న టెన్షన్ ఉంటే ఏ నర్సూ నిజం రాయదు.

స్టాటిస్టిక్స్ అంటేనే భయం. ఏం చేయాలి?

ఎస్వీ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ విభాగం ఉంది. అక్కడి విద్యార్థులకి ప్రాజెక్టు కోసం నిజమైన డేటా కావాలి, మీ దగ్గర డేటా ఉంది. వెళ్లి అడగండి. డేటా సేకరించాక కాదు, ఫారం రాసేటప్పుడే.

## నలుగురినీ కలుపుకునేటప్పుడు

తిరుపతిలో, చిత్తూరులో ఎవరెవరిని కలుపుకోవాలి?

తిరుపతిలో ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని సంస్థలుండటం మన అదృష్టం: స్విమ్స్, రుయా, ప్రసూతి ఆసుపత్రి, ఎముకల ఆసుపత్రి బర్డ్, చిన్నపిల్లల గుండె ఆసుపత్రి, పక్కనే పద్మావతి మహిళా యూనివర్సిటీ. ఆటో ఎక్కితే పావుగంట. అయినా ఒకరి రోస్టర్ ఇంకొకరు చూసింది లేదు. చిత్తూరు వైపు జిల్లా ఆసుపత్రి, కుప్పంలో పీఈఎస్ మెడికల్ కాలేజీ ఉన్నాయి. సరిహద్దు దాటితే వేలూరు సీఎంసీ, 1946లోనే డిగ్రీ నర్సింగ్ మొదలుపెట్టిన చోటు. చిత్తూరు పేషెంట్లూ, చిత్తూరు నర్సులూ అటే పోతారు కాబట్టి వాళ్లని పక్కనపెట్టి జిల్లా లెక్క కుదరదు.

ఒక జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పాత చిత్తూరు అంకెలు, కొత్త తిరుపతి అంకెలు పక్కపక్కన పెట్టి "నర్సులు తగ్గారు" అనకండి. గూడూరు, సూళ్లూరుపేట వైపు మండలాలు అప్పుడు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చి చేరాయి. మండలాల వారీగా తీసి మళ్లీ కూడాలి.

వేరే దేశాల్లో రాష్ట్రం మొత్తానికి ఇలాంటి పని ఎవరు చేస్తారు?

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నర్సింగ్ వర్క్‌ఫోర్స్ సెంటర్లని విడిగా ఉన్నాయి. ఫ్లోరిడాది 2001లో అక్కడి చట్టసభే ఏర్పాటు చేసింది. వాళ్లు మూడు రకాల లెక్కలు ఒకే నమూనాలో తీస్తారు: ఉన్న నర్సులు, కావాల్సిన నర్సులు, కాలేజీల సామర్థ్యం. నమూనా ఒకటే కాబట్టి ఒక రాష్ట్రాన్ని ఇంకో రాష్ట్రంతో పోల్చవచ్చు.

వాళ్ల దగ్గర నాకు నచ్చింది ఒక చిన్న చిట్కా. లైసెన్సు రెన్యువల్‌కి వచ్చినప్పుడే ఎక్కడ పనిచేస్తున్నారు, వారానికి ఎన్ని గంటలు, ఎప్పుడు మానేద్దామనుకుంటున్నారు అని ప్రశ్నలు పెడతారు. విడిగా సర్వే ఖర్చు లేదు. మన రెన్యువల్ ఫారంలో ఒక అర పేజీ చేరిస్తే చాలదా?

మనం నేర్పిస్తున్నాం, వాళ్లు జర్మనీ వెళ్లిపోతున్నారు. బాండు పెట్టి ఆపాలి కదా?

సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేస్తే మనిషి ఆగుతుంది, మనసు ఆగదు. అలాంటి వార్డులో పని ఎలా ఉంటుందో చూశాను. జర్మన్ భాష బీ1, బీ2 స్థాయి పరీక్షలకి రాత్రి డ్యూటీ చేసొచ్చి చదువుతున్న పిల్లల్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 నియమావళి కూడా వెళ్లే హక్కుని గౌరవిస్తూనే, కొరత ఉన్న దేశాలని ఖాళీ చేయొద్దని తీసుకెళ్లే దేశాలకి చెబుతుంది. ప్లానింగ్ చేసేవాళ్ల పని ఏటా ఎంతమంది వెళ్తున్నారో లెక్కపెట్టి, సీట్లు, పోస్టులు వేసేటప్పుడు ఆ అంకె కలపడం. తిరిగి వచ్చినవాళ్లకి ఇక్కడ సీనియారిటీ ఎలా ఇవ్వాలో కూడా ఆలోచించాలి. ఇప్పుడు వాళ్లకి దొరికేది కొత్తగా పాసైన పిల్ల జీతమే.

## ఫలితాలు చేతికొచ్చాక

రిపోర్టు ఇచ్చాం. ఎవరూ చదవలేదు. ఇంకేం చేయాలి?

ఎన్ని పేజీలిచ్చారు? ఎప్పుడిచ్చారు? వంద పేజీలు మార్చి ఆఖర్లో ఇస్తే సూపరింటెండెంట్ గారు అల్మారాలో పెడతారు, తప్పులేదు. బడ్జెట్ ప్రతిపాదనలు అంతకు చాలా నెలల ముందే వెళ్లిపోతాయి. దసరా లోపు ఇవ్వండి. ఒక్క పేజీ. ఏ వార్డు, ఎంత కొరత, ఎన్ని పోస్టులు, ఏడాదికి ఎంత ఖర్చు. ఖర్చు రాయని ప్రతిపాదన ఆర్థిక శాఖ దాకా వెళ్లి వెనక్కి వస్తుంది. పైకి పంపే ముందు వార్డు నర్సులకి చూపించండి. అంకె తప్పైతే మొదట పట్టుకునేది వాళ్లే.

కొత్త పోస్టులు వచ్చేసరికి మేం రిటైరవుతాం. ఈలోపు ఏమైనా చేయొచ్చా?

చేయొచ్చు. నర్సు చేయక్కర్లేని పని నర్సు చేతిలోంచి తీసేయించండి. ఆరోగ్యశ్రీ, ఇప్పటి వైద్యసేవ ఎంట్రీలు, ల్యాబ్ నుంచి రిపోర్టులు తేవడం, మందుల ఇండెంట్ పట్టుకుని స్టోర్ ముందు నిలబడటం, లినెన్ లెక్క. వీటికి ఒక వార్డు క్లర్కునో డేటా ఆపరేటర్నో అడగడం స్టాఫ్ నర్సు పోస్టు అడగడం కంటే తేలిక. చాలాసార్లు సూపరింటెండెంట్ స్థాయిలోనే తేలిపోతుంది.

నోటిమాటగా చెబితే నమ్మరు, కాబట్టి కొలవండి. ఒక నోట్‌బుక్‌లో షిఫ్టుని పావుగంటలుగా గీతలు కొట్టి, ప్రతి గడిలో ఒక్క అక్షరం: పేషెంటు పనికి 'పే', రాతపనికి 'రా', తిరుగుడుకి 'తి'. వారం రోజులు పెట్టుకోకండి, నాలుగో రోజు నుంచి ఎవరూ రాయరు, షిఫ్టు చివర్లో గుర్తున్నట్టు నింపేస్తారు. మూడు రోజులు చాలు, అందులో ఒకటి సోమవారం, ఒకటి నైట్ డ్యూటీ ఉండేలా చూసుకోండి.